ముందు దురద, తర్వాత బొబ్బ

గత సంచికలో ముసలివాళ్ల దురద మీద వచ్చిన ఒక ఉత్తరానికి జవాబిస్తూ, "డెబ్బై దాటిన మనిషికి నెలల తరబడి దురద తగ్గకపోతే పెంఫిగాయిడ్ అనేదొకటి ఉంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి" అని చివర్లో ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య ఈ శీర్షికకి దేనికీ రాలేదు. రాసినవాళ్లలో చాలామందికి ఆ పేరు అప్పటికే తెలుసు, ఇంట్లో ఒకరికి వచ్చి ఉంది కాబట్టి. అందుకని ఈసారి మొత్తం దీనికే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. ఐదు నెలలుగా ఒళ్లంతా దురద. మొదట చర్మం పొడిబారిందన్నారు, తర్వాత గజ్జి అని ఇంటిల్లిపాదికీ మందు రాశారు. ఇప్పుడు తొడల మీద, పొట్ట మీద పెద్ద పెద్ద నీటి బొబ్బలు. బుల్లస్ పెంఫిగాయిడ్ అంటున్నారు. అసలిదేమిటి? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అంటుకుంటుందా?

జవాబు: అంటుకోదు. ముట్టుకున్నా, బొబ్బలోని నీరు చేతికి తగిలినా, పక్కనే పడుకున్నా అంటుకోదు. ఈ మాట ముందు మీ నాన్నగారికి చెప్పండి, ఎందుకంటే ఈ జబ్బు వచ్చిన పెద్దవాళ్లు ఎవరూ చెప్పకుండానే మనవల్ని దూరం పెట్టేస్తారు, అది దురద కన్నా ఎక్కువ బాధపెడుతుంది.

ఇక ఏమిటంటారా, చర్మాన్ని అస్తరు వేసి కుట్టిన బట్ట అనుకోండి. పైపొర పైబట్ట, కింది పొర అస్తరు. రెండూ విడిపోకుండా మధ్యలో కంటికి కనపడని కుట్లుంటాయి. ఆ కుట్లలో ఉండే రెండు ప్రోటీన్లకి బీపీ180, బీపీ230 అని పేర్లు (ఈ బీపీకీ రక్తపోటుకీ సంబంధం లేదు, బుల్లస్ పెంఫిగాయిడ్‌కి పొడి అక్షరాలు అంతే). ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు ఈ రెండింటినీ పరాయివనుకుని వాటి మీద పడతాయి. కుట్లు తెగిన చోట పైబట్ట లేచిపోయి సందులో నీరు చేరుతుంది. పైబట్ట మాత్రం చిరగలేదు కదా, అందుకే ఆ బొబ్బ బిగుతుగా, గట్టిగా, ఓ పట్టాన పగలకుండా నిలబడుతుంది. వేలితో మెల్లగా తాకి చూస్తే నిండుగా గాలి కొట్టిన బుడగలా ఉంటుంది. లోపలి నీరు చాలాసార్లు తేటగా, ఒక్కోసారి కాస్త ఎర్రగా ఉంటుంది.

అయితే బొబ్బ రాకముందే వారాలు, నెలలు దురద ఉంటుంది, పక్కన దద్దుర్లలా ఎర్రగా ఉబ్బిన మచ్చలుంటాయి. అసలు చిక్కంతా ఇక్కడే. బొబ్బ లేదు కాబట్టి ఎగ్జిమా అనో, ఎలర్జీ అనో, గజ్జి అనో అనుకుంటారు. మీ డాక్టర్ని తప్పుపట్టడానికి లేదు, ఆ దశలో అందరూ అలాగే మొదలుపెడతారు. కానీ గజ్జి మందు సరిగ్గా వాడినా తగ్గకపోతే, ఇంట్లో ఇంకెవరికీ దురద లేకపోతే, మనిషి వయసు డెబ్బై పైమాటైతే అప్పుడైనా అనుమానం రావాలి. కొంతమందికి బొబ్బలు ఎప్పటికీ రావు, దురద ఒక్కటే జబ్బు. వాళ్లు ఏళ్ల తరబడి సబ్బులు మారుస్తూ ఉండిపోతారు.

ప్రశ్న: అమ్మకి ఒకసారి బయాప్సీ చేశారు. మళ్లీ ఇంకో ముక్క కావాలంటున్నారు, అదీ బొబ్బ లేని చోట నుంచి! బాగున్న చర్మాన్ని కోయడం ఎందుకు? డబ్బు కోసమా?

జవాబు: కాదండీ. ఈ జబ్బులో రెండు ముక్కలు రెండు పనులకి. మొదటిది బొబ్బ అంచు నుంచి తీసి ఫార్మలిన్‌లో వేస్తారు, అందులో చీలిక ఏ పొర దగ్గర వచ్చిందో, ఏ కణాలు చేరాయో చూస్తారు. రెండోది బొబ్బ పక్కన, ఇంచుమించు ఒక సెంటీమీటరు లోపు, పైకి మామూలుగా కనపడే చర్మం నుంచి తీస్తారు. దాని మీద మెరిసే రంగు ఎక్కించి చూస్తే యాంటీబాడీలు పట్టుకున్న చోట సన్నని వెలుగు గీత కనపడుతుంది, చీకట్లో దారానికి దీపం పెట్టినట్టు. దీన్ని డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ అంటారు. బొబ్బలోంచే తీస్తే అక్కడ అంతా చెడిపోయి ఆ గీత దొరక్కపోవచ్చు. అందుకే పక్కన.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ రెండో ముక్కని ఫార్మలిన్‌లో వేయకూడదు, వేస్తే పరీక్ష పాడైపోతుంది. మిషెల్ ద్రవం అని వేరే ఉంటుంది, అందులో పంపాలి. పొరపాటున రెండూ ఒకే సీసాలో వేసేసి, తర్వాత "నెగటివ్" అని రిపోర్టు రావడం నేను చూశాను. కాబట్టి సీసాలు రెండా అని మీరు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రక్తంలో బీపీ180 యాంటీబాడీలు చూసే ఎలైజా పరీక్ష కూడా ఉంది, ముక్క తీయడం కుదరని పెద్దవాళ్లకి అది బాగా పనికొస్తుంది.

ప్రశ్న: పెంఫిగాయిడ్, పెంఫిగస్ ఒకటేనా? మా అక్కయ్యకి 46. నాలుగు నెలలుగా నోటిపూత, విటమిన్ మాత్రలు మింగుతూనే ఉంది. ఇప్పుడు వీపు మీద పుండ్లు. పెంఫిగస్ వల్గారిస్ అన్నారు. ఇంటర్నెట్‌లో చదివి మాకు నిద్రపట్టడం లేదు.

జవాబు: పేరు దగ్గరగా ఉంటుంది, అంతే. పెంఫిగాయిడ్ అంటేనే "పెంఫిగస్ లాంటిది" అని. 1953 దాకా రెండింటినీ కలిపే చూసేవారు. వాల్టర్ లీవర్ అనే చర్మవైద్యుడు మైక్రోస్కోపు కింద చీలిక ఎక్కడ వస్తోందో చూసి వీటిని విడదీశారు. ఇందాకటి బట్ట లెక్కలోనే చెప్తాను. పెంఫిగాయిడ్‌లో అస్తరు కుట్లు తెగుతాయి, పెంఫిగస్‌లో పైబట్ట నేతే విడిపోతుంది. పైపొర కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ల మీద ఇక్కడ దాడి. నేత విడిపోయిన బట్ట నీళ్లని ఎంతసేపు ఆపుతుంది? అందుకే ఈ బొబ్బలు మెత్తగా వేలాడుతూ ఉంటాయి, తాకితే పగులుతాయి, మనం చూసేసరికి బొబ్బ ఉండదు, పచ్చి పుండే ఉంటుంది. దురద కన్నా మంట, నొప్పి ఎక్కువ. వయసు కూడా తేడా, ఇది ఎక్కువగా నలభై అరవై మధ్యలో వస్తుంది. సగం మందికి పైగా మొదట నోట్లోనే మొదలవుతుంది. నెల దాటినా మానని నోటిపూతకి ఇక విటమిన్ మాత్రలు మార్చుకుంటూ కూర్చోకూడదు అనేది అందుకే.

ఇంటర్నెట్‌లో మీరు చదివిన భయంకరమైన మాటలు స్టిరాయిడ్లు రాకముందు కాలానివి. 1950లకి ముందు పెంఫిగస్ వల్గారిస్ వస్తే చాలామంది కొన్నేళ్లలోనే చనిపోయేవారు, అది నిజం. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఈ యాంటీబాడీలు తయారు చేసే బి కణాల్ని తగ్గిస్తుంది. ఫ్రాన్స్‌లో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, రెండేళ్ల తర్వాత స్టిరాయిడ్ మాత్ర అవసరం లేకుండా పుండ్లు పూర్తిగా మానినవాళ్లు రిటుక్సిమాబ్‌తో కొద్దికాలం స్టిరాయిడ్ కలిపి వాడినవారిలో 89 శాతం, ఒక్క స్టిరాయిడే వాడినవారిలో 34 శాతం. ఆ తర్వాతి ఏడాది, 2018లో, అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని పెంఫిగస్ వల్గారిస్‌కి ఆమోదించింది. ఇది ఇచ్చే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఎప్పుడో ఒంట్లో దాక్కున్న వైరస్ మళ్లీ లేచే ప్రమాదం ఉంది. ఆ రిపోర్టు చూశారా అని డాక్టర్ని అడగండి.

చర్మం మీద వేలితో రుద్దితే పైపొర జారిపోతుందా అని చూసే ఒక పరీక్ష గురించి కూడా మీరు రాశారు. అది నికోల్‌స్కీ గుర్తు, డాక్టరు చూసుకుంటారు. మీరు ఇంట్లో ప్రయోగాలు చేసి కొత్త పుండ్లు తెప్పించకండి.

ప్రశ్న: నాన్నకి మాత్రలు కాకుండా ఒళ్లంతా స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ పూయమన్నారు. ఇంత పెద్ద జబ్బుకి పూతమందా? డాక్టరు తేలిగ్గా తీసుకుంటున్నారేమో అని మా టెన్షన్.

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మీ డాక్టరు తేలిగ్గా తీసుకోలేదు, కష్టమైన దారి ఎంచుకున్నారు. మాత్ర రాసివ్వడం ఒక్క నిమిషం పని.

2002లో ఫ్రాన్స్ వైద్యులు 341 మంది పెంఫిగాయిడ్ రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం బయటికొచ్చింది. సగం మందికి క్లోబెటసాల్ అనే ఘాటైన స్టిరాయిడ్ క్రీమును రోజుకి 40 గ్రాములు ఒళ్లంతా పూశారు, మిగతా సగానికి స్టిరాయిడ్ మాత్రలు ఇచ్చారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నది పూతమందు వైపు 76 శాతం, మాత్రల వైపు 58 శాతం. ఆ అంకెలు మళ్లీ చదవండి. ముసలి ఒంటికి ఎక్కువ డోసు మాత్రలు జబ్బుకి తీసిపోనంత ప్రమాదం. ఇన్ఫెక్షన్లు, షుగరు, ఎముకలు విరగడం, గుండె మీద భారం, ఇవన్నీ కలిసొస్తాయి.

ఇక 40 గ్రాములంటే ఎంతో ఊహించుకోండి. మామూలు 30 గ్రాముల ట్యూబు ఒక్క రోజుకి చాలదు. ముసలాయన వీపుకి తన చెయ్యి అందదు, వంగి కాళ్లకి పూసుకోలేరు. రోజూ ఎవరో ఒకరు చేతికి గ్లౌజు తొడుక్కుని, ఆయన్ని పక్కకి తిప్పి, బొబ్బల మీద రుద్దకుండా మెల్లగా అద్దుతూ, బొబ్బల్లేని చోట కూడా పూసి, నూలు బట్ట తొడిగి, పక్క దుప్పటి మార్చి... రోజుకి అరగంట పైనే పడుతుంది. చాలా ఇళ్లలో ఈ వైద్యం ఫెయిలయ్యేది మందు పనిచేయక కాదు, పూసేవాళ్లు లేక. మీ ఇంట్లో అంత తీరిక ఎవరికీ లేకపోతే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి, మొహమాటపడి సగం సగం పూయడం కన్నా అది మేలు.

వేరే దారులూ ఉన్నాయి. మాత్రలే తప్పకపోతే కిలో బరువుకి అర మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. డాక్సీసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌ని రోజుకి 200 మిల్లీగ్రాములు వాడి చూసిన పరీక్ష 2017లో వచ్చింది. ఆరు వారాలకి బొబ్బలు మూడు లేక అంతకన్నా తక్కువకి దిగినవాళ్లు డాక్సీసైక్లిన్‌తో 74 శాతం, స్టిరాయిడ్ మాత్రలతో 91 శాతం, అంటే పనితనంలో స్టిరాయిడే ముందుంది. కానీ ఏడాది లోపు మందు వల్ల వచ్చిన తీవ్రమైన ఇబ్బందులు డాక్సీసైక్లిన్‌లో 18 శాతం, స్టిరాయిడ్‌లో 36. ఎనభై దాటిన బలహీనమైన మనిషి అయితే నేను ఈ లెక్క చూసి కొంచెం నెమ్మదిగా తగ్గినా పరవాలేదు అంటాను. 2025లో అమెరికాలో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కీ ఈ జబ్బులో అనుమతి వచ్చింది, ఎగ్జిమాకి, ఆస్తమాకి ముందునుంచీ వాడుతున్నదే.

ప్రశ్న: బొబ్బల్ని పగలగొట్టొచ్చా?

జవాబు: చిన్నవాటి జోలికి వెళ్లకండి. పెద్దవి బిగుసుకుపోయి నొప్పెడుతుంటే, నడవడానికి అడ్డమైతే, శుభ్రమైన స్టెరైల్ సూదితో అడుగు అంచున గుచ్చి నీరు మెల్లగా వదలొచ్చు, ఎలా చేయాలో ఒకసారి నర్సుతో చేయించి చూసి నేర్చుకోండి. పైతోలు మాత్రం కత్తిరించకూడదు, పీకకూడదు. కింద పచ్చి చర్మానికి అంతకు మించిన కట్టు లేదు. అంటుకునే ప్లాస్టర్ నేరుగా వేయకండి, తీసేటప్పుడు దానితో పాటు చర్మమూ వచ్చేస్తుంది. అంటుకోని డ్రెస్సింగ్ వేసి పైన గుడ్డ చుట్టండి. చీము, కొత్తగా నొప్పి, జ్వరం కనిపిస్తే అదే రోజు చూపించాలి.

ప్రశ్న: నాకు 71. షుగరుకి విల్డాగ్లిప్టిన్ ఏడాదిన్నరగా వాడుతున్నాను. పెంఫిగాయిడ్ వచ్చింది. దానివల్లేనంటే నమ్మాలా? మాత్ర ఈ రోజే మానేశాను.

జవాబు: నమ్మొచ్చు, కానీ మానేసిన పద్ధతి బాగాలేదు. పేరు చివర గ్లిప్టిన్ అని వచ్చే మందులకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని చాలా దేశాల్లో చూశారు, అందులో విల్డాగ్లిప్టిన్‌తో లింకు బలంగా కనిపించింది. మొదలుపెట్టిన కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక వస్తుంది కాబట్టి "ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడేం చేస్తుంది" అనే వాదన ఇక్కడ చెల్లదు. అలాగని వాడే ప్రతివాళ్లకీ వస్తుందని కాదు, వచ్చేది చాలా కొద్దిమందికే. మీకు వచ్చింది కాబట్టి మార్చడమే సరి. అయితే దాని బదులు ఇంకోటి పెట్టకుండా ఆపేసి, పైగా బొబ్బలకి స్టిరాయిడ్ మొదలైతే షుగరు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. రేపే మీ షుగర్ డాక్టరుకి ఈ సంగతి చెప్పి మందు మార్పించుకోండి. కొన్ని నీరు దిగే మాత్రల మీద, కేన్సర్‌కి ఇచ్చే కొన్ని ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ల మీద కూడా ఇలాంటి అనుమానమే ఉంది. మందుల సంచి మొత్తం తీసుకెళ్లి చర్మం డాక్టరు ముందు గుమ్మరించండి, చీటీలో రాసుకెళ్తే ఏదో ఒకటి మర్చిపోతారు.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మా పెద్దనాన్నకే ఇది రావడం యాదృచ్ఛికమా?

జవాబు: కాకపోవచ్చు. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో పెంఫిగాయిడ్ ఎక్కువగా కనపడుతుంది. ఇందాక చెప్పిన కుట్ల ప్రోటీన్లు మెదడులోనూ ఉన్నాయి, బహుశా లింకు అక్కడే. నోరు తెరిచి దురద అని చెప్పలేని మనిషి అదేపనిగా గోకుతుంటే చూసుకునేవాళ్లే కనిపెట్టాలి.

ప్రశ్న: నాకు ఏడో నెల. బొడ్డు చుట్టూ విపరీతమైన దురద, ఎర్రటి దద్దుర్లు, ఇప్పుడు చిన్న బొబ్బలు. పెంఫిగాయిడ్ జెస్టేషనిస్ అన్నారు. పాపకి ఏమైనా అవుతుందా?

జవాబు: ఇది గర్భంతో ఉన్నప్పుడు వచ్చే పెంఫిగాయిడ్ రకం, బొడ్డు దగ్గర మొదలవడం దీని అలవాటు. దీనికి పూర్వం హెర్పిస్ జెస్టేషనిస్ అని పేరుండేది, పాత కాగితాల్లో ఎక్కడైనా ఆ పేరు కనపడితే కంగారుపడకండి, హెర్పిస్ వైరస్‌తో దీనికేమీ సంబంధం లేదు. మీ యాంటీబాడీలు మావి ద్వారా బిడ్డకి చేరతాయి కాబట్టి పదిమందిలో ఒకరికి మించకుండా పిల్లలకి పుట్టినప్పుడు కొద్దిగా దద్దుర్లో బొబ్బలో ఉండొచ్చు, అవి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. కాస్త ముందే పుట్టడం, బరువు తక్కువ ఉండటం జరగొచ్చు, అందుకే స్కాన్లు మానకండి. పూతమందు చాలకపోతే ప్రెడ్నిసలోన్ అనే స్టిరాయిడ్ మాత్రని గర్భంలోనూ వాడతారు, భయపడి దాన్ని మింగకుండా పారేయడం ఎక్కువ నష్టం. కాన్పు కాగానే ఒకసారి బాగా ఎగదోస్తుంది, ముందే తెలిసుంటే హడలిపోరు. తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు మొదటి విజిట్‌లోనే చెప్పండి.

ప్రశ్న: చిగుళ్లు పొరలు పొరలుగా ఊడుతున్నాయి, కళ్లు ఎర్రగా ఇసక పడ్డట్టు ఉంటున్నాయి. ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. పళ్ల డాక్టరు మ్యూకస్ మెంబ్రేన్ పెంఫిగాయిడ్ అని అనుమానపడ్డారు.

జవాబు: మీ పళ్ల డాక్టరుకి నమస్కారం చెప్పండి, చాలామంది చిగుళ్ల వాపు అని క్లీనింగ్ చేసి పంపేస్తారు. ఈ ఉత్తరాలన్నిటిలో తొందరపడాల్సింది మీరే. నోరు, కళ్లు లాంటి చోట్ల ఉండే తడి పొరల మీద వచ్చే ఈ రకం మానేటప్పుడు మచ్చ కడుతుంది. నోట్లో మచ్చ అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు, కంట్లో అయితే రెప్ప లోపలి పొర కనుగుడ్డుకి అతుక్కుపోయి చూపే పోవచ్చు, పోయింది తిరిగి రాదు. ఈ వారంలోనే కంటి డాక్టర్ని కలవండి, "కళ్లు పొడిబారాయి" అని చుక్కలిచ్చి పంపితే జబ్బు పేరు కాగితం మీద రాసి చూపించండి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా అదీ చెప్పాలి. డాప్సోన్ అనే మందు రాస్తే ముందు జీ6పీడీ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి, ఆ ఎంజైము తక్కువున్నవాళ్లలో ఆ మందు రక్తకణాల్ని పగలగొడుతుంది.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకి నోటి చుట్టూ, తొడల దగ్గర బొబ్బలు పూసల దండలా గుండ్రంగా వస్తున్నాయి.

జవాబు: ఆ పూసల దండ పోలిక పుస్తకాల్లోనూ ఉంది, లీనియర్ ఐజీఏ జబ్బు కావచ్చు, ఇదీ యాంటీబాడీలు సొంత చర్మం మీద పడటం వల్ల వచ్చే బొబ్బల జబ్బే. బయాప్సీతో తేల్చుకోండి. పిల్లల్లో ఇది మందులకి బాగా లొంగుతుంది, చాలామందికి యుక్తవయసు వచ్చేలోపే పోతుంది.

ప్రశ్న: బొబ్బలన్నీ పోయాయి. స్టిరాయిడ్ మంచిది కాదు కదా అని అమ్మ నాలుగు నెలల మాత్రలు ఒక్కసారిగా ఆపేసింది. రెండు రోజులుగా నీరసం, వాంతులు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. బొబ్బలు లేవు కాబట్టి పరవాలేదా?

జవాబు: మీ ఉత్తరానికి నేను పత్రిక వచ్చేదాకా ఆగలేదు, చేరిన రోజే ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. మిగతావాళ్ల కోసం రాస్తున్నా. బయటి నుంచి వారాల తరబడి స్టిరాయిడ్ అందుతుంటే మన ఒంట్లో దాన్ని తయారు చేసే అడ్రినల్ గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. ఉన్నట్టుండి మాత్ర ఆపితే అవి వెంటనే లేవలేవు, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి రావొచ్చు. మూడు వారాలకి మించి వాడినవాళ్లెవరూ ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా దించాలి, జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు వాడుతున్నామని చెప్పాలి. వాడినన్నాళ్లూ షుగరు, బీపీ, కళ్లు చూపించుకుంటూ, ఎముకలకి కాల్షియం, విటమిన్ డి, అవసరమైతే ఎముక బలానికి మందు తీసుకుంటూ ఉండాలి. మాత్ర పొద్దున్నే, ఖాళీ కడుపు మీద కాకుండా.

ఎప్పటికి పూర్తిగా మానొచ్చు అని మీ అమ్మగారు అడిగారట. పెంఫిగాయిడ్‌కి చాలామందిలో నెలల నుంచి కొన్నేళ్ల వైద్యం పడుతుంది, ఆపిన తర్వాత మొదటి కొద్ది నెలల్లోనే తిరగబెట్టడం ఎక్కువ. మళ్లీ వచ్చేటప్పుడూ ముందు వచ్చేది దురదే. ఈసారి కొత్తగా దురద మొదలైతే బొబ్బ కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేయమనండి.